పాత పేరే పెట్టాను

వైఫై పెట్టెను ఎక్కడ పెట్టాలన్నది చాలామంది ఆఖర్న ఆలోచిస్తారు. నిజానికి ముందు ఆలోచించాల్సింది అదే. బల్ల కింద తోసేస్తారు, టీవీ వెనక దాస్తారు, నీళ్ళ తొట్టి పక్కన పెడతారు. తర్వాత "మాష్టారూ, నెట్టు రావడం లేదు" అంటూ బడికొస్తారు. మా దీవిలో నూట పది గడపలుంటే నలభై ఇళ్ళకు నేనే పెట్టాను. డబ్బుకు కాదు. ఒకరు కోడిగుడ్లిస్తారు, ఒకరు పొగబెట్టిన గుల్లమాంసం దండ ఇస్తారు. దక్షిణపు కొసన ఉన్న మా చిలోయె దీవుల్లో బడిపంతులంటే అన్నీ తెలిసినవాడని లెక్క. ఆ లెక్కను నేను కూడా కొంచెం నమ్మాను. అదే పొరపాటు.

జూన్ నెల మొదట్లో, మా వైపు చలికాలం మొదలయ్యే రోజుల్లో, ఇరేనియా రెమొల్కోయ్ బడి గుమ్మం దగ్గర ఆగింది. ఆమె ఒకప్పుడు నా దగ్గరే చదువుకుంది. ఇప్పుడు ఆమె ఆరేళ్ళ కూతురు మైతె నా ముందు బెంచీలో కూచుంటుంది.

"మాష్టారూ, వంటింటికి ఒక్కటి చాలు," అంది. "నేను పనినుంచి వచ్చేదాకా పాప ఒక్కతే ఉంటుంది. ఫోన్లో దాని మొహం కనబడితే అదే పదివేలు."

"పడవ దిగేచోట కూడా ఒకటి పెడదామా? కొండెక్కేటప్పుడు పాపతో మాట్లాడుకుంటూ రావచ్చు."

"వద్దు." చాలా త్వరగా అంది ఆ మాట. "సముద్రం వైపు అక్కర్లేదు. వంటింటికి చాలు."

మొహమాటం అనుకున్నాను. ఒంటరి ఆడది, గుల్లల ఫ్యాక్టరీలో కూలి, ఎవరి దగ్గరా మేలు పుచ్చుకోవడం ఇష్టం లేక అంటోంది అనుకున్నాను.

ఆమె మొగుడు సెలిందో సముద్రంలో మునిగి గుల్లలు కోసే మనిషి. రెండేళ్ళ కిందట చలికాలంలో పదిమందిని వెంటబెట్టుకుని పడవ మీద వెళ్ళాడు. పడవా దొరకలేదు, పదకొండు మందిలో ఒక్కరూ దొరకలేదు. మొన్న ఫిబ్రవరిలో, ఎండలున్న రోజుల్లో, ఇరేనియా ఒడ్డున ఉన్న ఇంటిని కొండ మీదికి లాగించుకుంది. మా ఇళ్ళు చెక్కవి, మొద్దుల మీద నిలబడతాయి. కింద దూలాలు దూర్చి, మోకులు కట్టి, ఎద్దుల చేత లాగిస్తే పొయ్యితో సహా కదిలి వస్తాయి. "గట్టును సముద్రం తినేస్తోంది" అని చెప్పింది. అందరం వెళ్ళి లాగాం. ఎనిమిది జతల ఎద్దులతో ముందు నడిచినవాడు దోన్ రోసమెల్; దోన్ అన్నది మర్యాదకు. అరవై దాటినా గొంతు తగ్గని మనిషి.

పెట్టెలు పెట్టిన రోజున నాకు నిచ్చెన పట్టుకున్నది కూడా ఆయనే. ఇరేనియా పనికి వెళ్ళింది. మైతె పొయ్యి పక్కన బొమ్మలు గీసుకుంటోంది.

"ఇంత చిన్నవి రెండు ఎందుకయ్యా?" అన్నాడు రోసమెల్. "పెద్దది ఒకటి కొంటే గట్టిగా అరవదూ?"

"పెట్టె అరిస్తే చాలదు దోన్ రోసమెల్. ఫోను తిరిగి పలకాలి. ఫోను గొంతు చిన్నది. నువ్వు కొండమీంచి కేకేస్తే నీ ఎద్దుకు వినబడుతుంది. అది అంబా అంటే నీకు వినబడాలిగా? అందుకని ఎవరు ఎక్కడుంటారో అక్కడికి దగ్గరగా ఒక చెవి పెట్టాలి."

"నా ఎద్దులకు నేను కేకెయ్యను. అవే నన్ను కేకేస్తాయి, మా ఆవిడ లాగా." మైతె కిసుక్కున నవ్వింది.

మొదటి పెట్టెను వంటింటి దూలానికి బిగించాను. పొయ్యి గొట్టానికి దూరంగా, ఎత్తున. రెండోది వానకు తడిసినా పాడవనిది. బడి అలమారాలో ఊరికే పడి ఉంటే తెచ్చాను. దాన్ని బయటి గోడకు, చూరు కింద, సముద్రం వైపు మొహం తిప్పి కట్టాను.

రోసమెల్ నిచ్చెన వదలకుండానే అడిగాడు. "ఆ అమ్మాయి అటువైపు వద్దన్నట్టుంది కదూ?"

"మొహమాటానికి అంటారు అలాగే."

"పంతులు మీరు. నేను నిచ్చెన పట్టుకునేవాణ్ణి."

ఇక పేరు. దీంట్లో ఒక చిన్న కిటుకుంది, మా దీవిలో అందరికీ నేర్పాను. పెట్టె మార్చినా పాత పేరే పెట్టాలి, పాత పాస్‌వర్డే ఉంచాలి. అప్పుడు ఇంట్లో వస్తువులకు ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ ఇంటిని ఒకసారి ఎరిగినవన్నీ వాటంతట అవే వెతుక్కుంటూ వచ్చి కలుస్తాయి. ఒడ్డున ఉన్నప్పుడు ఆ ఇంట్లో సెలిందో పెట్టిన రూటర్ ఒకటి ఉండేది. దాని కింద అతికించిన కాగితం ఇంకా ఉంది. పేరు 'సెలిందో ఇల్లు'. దాన్నే రెండు పెట్టెలకూ రాశాను.

"ఇప్పుడిది ఏం చేస్తుంది మాష్టారూ?" మైతె అడిగింది.

"తన పేరు పిలుస్తూ ఉంటుందమ్మా. క్షణానికి పదిసార్లు. నేనిక్కడున్నాను, రండి, నేనిక్కడున్నాను, రండి అని."

"ఎవర్ని?"

"వినబడ్డవాళ్ళందర్నీ."

నాలుగింటికి వాన పట్టుకుంది. అయిదింటికల్లా చీకటి పడింది. చలికాలంలో మాకది మామూలే. రోసమెల్ పొయ్యిలో కట్టెలు ఎగదోశాడు. మాతె అనే చేదు ఆకుటీ కాచుకుని, ఒకే గిన్నెలో ఇద్దరం వంతులవారీగా తాగుతూ కూచున్నాం. తడి ఉన్ని వాసన, పొగ వాసన, ఉడికే దుంపల వాసన. గోడల మీద వాన గులకరాళ్ళు విసిరినట్టు పడుతోంది. ఇరేనియా తలుపు తోసుకుని వచ్చింది. జుట్టంతా నీళ్ళు.

"అయ్యో, మీరింకా ఉన్నారా? తిన్నారా ఏమైనా?"

"ముందిది చూడు," అన్నాను నా ఫోను చూపిస్తూ. నిజం చెప్పొద్దూ, కాస్త గొప్పగానే అన్నాను. "నీ ఇంటికి ఎవరెవరు కలిశారో ఇందులో కనబడుతుంది. ఇదిగో, నీ ఫోను, నువ్వు గుమ్మం ఎక్కకముందే కలిసింది. ఇది పాపకు బడిలో ఇచ్చిన టాబ్లెట్. ఇది నాది. పక్కనున్న గీతలు దగ్గరో దూరమో చెబుతాయి. నాలుగు గీతలంటే పక్కనే ఉన్నట్టు. ఒక్క గీతంటే…"

నాలుగో పేరు అప్పుడు చూశాను.

ఒక్క గీత. బయటి పెట్టెకు కలిసింది.

'సెలిందో' అని ఉంది.

రోసమెల్ తల వంచి చూశాడు. "అదేంటయ్యా, ఆ పేరు?"

"పాత ఫోను ఏదో… సొరుగులో ఉండుంటుంది," అన్నాను. ఒక్క గీత ఉన్న ఫోను ఇంట్లో సొరుగులో ఉండదని నాకు తెలుసు. అది పడవ దిగేచోటుకన్నా అవతలుంది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

ఇరేనియా ఫోను వైపు చూడటం లేదు. నన్ను చూస్తోంది.

"బయటి పెట్టె అన్నారు. ఏ బయట?"

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి చూరు కిందికి చూసింది. చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతోంది అక్కడ. సముద్రం వైపు.

"వద్దన్నాను కదా మాష్టారూ," అంది. కోపంగా కూడా అనలేదు. అలసిపోయినట్టు అంది. పాపకు వినబడకుండా గొంతు తగ్గించింది. "గట్టును సముద్రం తినేస్తోందని చెప్పాను మీ అందరికీ. అబద్ధం. వాన పడ్డ ప్రతి సాయంత్రం ఆయన వచ్చేవాడు. ఇంటి కింద మొద్దుల మధ్య నిలబడి నేల చెక్కలు తట్టేవాడు. 'రండి, ఇద్దరూ రండి' అనేవాడు. పాప పేరు పెట్టి పిలిచేవాడు. ఏడాదిన్నర పళ్ళబిగువున భరించాను. అందుకే ఇల్లు లాగించాను. ఇక్కడికొచ్చాక నాలుగు నెలలు… ఒక్క తట్టు లేదు. ఇల్లెక్కడికి పోయిందో ఆయనకు తెలీలేదు."

"ఇప్పుడు…" అన్నాడు రోసమెల్.

ఫోను చూశాను. రెండు గీతలు.

లేచి బయటి పెట్టెకు కరెంటు వెళ్ళే తీగ గోడనుంచి పీకేశాను. చూరు కింద దీపం ఆరిపోయింది. జాబితాలోంచి ఆ పెట్టె పోయింది. హమ్మయ్య అనుకున్నాను. మరుక్షణం 'సెలిందో' మళ్ళీ కనబడింది. ఈసారి వంటింటి పెట్టె కింద.

కింద ఇంకోటి వచ్చింది. దానికి పేరు లేదు, అంకెలున్నాయి.

ఇంకోటి.

మావి మూడూ వదిలేసి లెక్కపెట్టాను. అయిదు… ఏడు… తొమ్మిది. జాబితా దానంతట అదే కిందికి జరుగుతోంది. పదకొండు. పదకొండు దగ్గర ఆగింది. అన్నింటికీ మూడు గీతలు.

"పదకొండు మందా?" రోసమెల్ గుసగుసగా అడిగాడు. నేను తలూపాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నిచ్చెన కోసం చూడలేదు. బల్ల ఎక్కి వంటింటి పెట్టెను తీగతో సహా లాగేశాను. మేకు ఊడి వచ్చింది. ఫోనులో జాబితా బూడిద రంగుకు తిరిగి ఖాళీ అయిపోయింది. నేను చెయ్యగలిగింది అంతే. ఇంకేమీ మిగల్లేదు.

వాన ఆగిపోయింది.

ఆగిపోవడం కాదు… గోడల మీద పడటం మానేసింది. దూరంగా కురుస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఇంటి చుట్టూ ఏదో నిలబడి వానకు అడ్డం వచ్చినట్టు. తర్వాత వాసన వచ్చింది. నాచు. రబ్బరు. పడవ ఇంజను నూనె.

నేల కింద చెక్క మీద చెక్క రాసుకున్న చప్పుడు. మెల్లగా. ఒక మూల. తర్వాత రెండో మూల.

నాకు అర్థం కాలేదు. రోసమెల్‌కు అయింది. జీవితంలో ముప్పై ఇళ్ళు లాగించిన మనిషి.

"దూలాలు దూరుస్తున్నారు," అన్నాడు. "వినండి… ఇప్పుడు మోకు బిగిస్తున్నారు…"

"తలుపు తియ్యి," అన్నాను. తీయబోయాడు. చట్రం వంకర పోయింది, తలుపు రాలేదు. భుజంతో కొట్టాడు. వెనక తలుపూ అంతే. ఇరేనియా పాపను కోటులోకి లాక్కుని పొయ్యి పక్కన నేల మీద కూలబడింది.

ఇల్లు ఒక్కసారి కుదిపింది.

మాతె గిన్నె బల్ల మీద సముద్రం వైపు జారింది. గోడలన్నీ మూలిగాయి. మళ్ళీ కుదుపు. మళ్ళీ. కేక లేదు, అదిలింపు లేదు. మనుషులు లాగేటప్పుడు ఎవరో ఒకరు పాటందుకుంటారు, ఎవరో ఒకరు బూతులు తిడతారు. ఇక్కడ ఊపిరి చప్పుడు కూడా లేదు. ఇల్లు నడుస్తోంది. మేం లోపలున్నాం. అరిచామో లేదో నాకు గుర్తు లేదు.

కాసేపటికి ఆగింది.

"అలసట తీర్చుకుంటున్నారు," అన్నాడు రోసమెల్. అటు తిరిగి ఇరేనియా మోచెయ్యి పట్టుకున్నాడు. "అమ్మాయ్, నా మాట విను. సగం దారిలో ఆపితే ఏం చెయ్యాలో నీకు తెలుసు."

తెలుసు. మా అందరికీ తెలుసు. ఇల్లు లాగేవాళ్ళు మధ్యలో ఆగితే, వాళ్ళను పిలిచినవాళ్ళు పచ్చి బంగాళాదుంపలు తురిమి చేసిన దుంపరొట్టె, ఆపిల్ కల్లు పట్టుకెళ్ళి వడ్డించాలి. వాళ్ళు తింటే పని ఒప్పుకున్నట్టు. మళ్ళీ మోకు అందుకుంటారు, ఇల్లు చేరేదాకా వదలరు. వడ్డించకపోతే పిలవలేదనే లెక్క. మోకులు కింద పడేసి వెళ్ళిపోతారు. మా తాతల నాటినుంచీ అంతే. బతికున్నవాళ్ళ సంగతి అది.

"నేను పిలవలేదు," అంది ఇరేనియా. "నేను పెట్టను."

కిటికీ మీద తట్టారు. మర్యాదగా. రెండుసార్లు. మా ఊళ్ళో చుట్టాలు తట్టినట్టే.

"అమ్మా, ఎవరో తడిసిపోతున్నారు…" మైతె కోటులోంచి అంది. ఇరేనియా అరచేత్తో దాని నోరు మూసింది. పొయ్యి మీద దుంపలు ఉడుకుతూనే ఉన్నాయి. ఆమె వాటివైపు చూడలేదు. చేతులు రెండూ పాప చుట్టూ బిగించి కూచుంది. తట్టారు. ఆగారు. మళ్ళీ తట్టారు. ఎంతసేపో చెప్పలేను. ఆ ఓపిక చూస్తే కోపం కన్నా ఎక్కువ భయం వేసింది నాకు.

తర్వాత వాన మళ్ళీ గోడల మీద పడటం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని రోసమెల్ ఏడ్చాడు.

తెల్లవారాక కిటికీ పగలగొట్టుకుని బయటపడ్డాం. ఇల్లు కొండ మీదినుంచి ఎనభై అడుగులు కిందికి జరిగి, సగం దారిలో కూచుని ఉంది. లోపల ఒక్క పింగాణీ కప్పు పగల్లేదు. పైన పాత చోట ఇంటిని మోసిన మొద్దులు నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉన్నాయి. మునిసిపాలిటీనుంచి ఒకాయన వచ్చి మట్టి జారిందన్నాడు. అడుగు జాడలు చూపించమంటే ఏం చూపిస్తాం? మట్టి మీద ఒక్కటి లేదు. రోసమెల్ ఎద్దుల్ని తోలుకొచ్చి ఇంటిని పైకి లాగబోయాడు. అవి దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూచున్నాయి. కొట్టినా లేవలేదు.

ఇరేనియాను, పాపను బడికి తెచ్చుకున్నాను. తరగతి గదిలో పరుపు వేశాం. నేను పక్కనున్న సామాన్ల గదిలో పడుకున్నాను. రెండు పెట్టెలూ సుత్తితో బద్దలుకొట్టి పాతిపెట్టాను. రోసమెల్‌కు భయం పోలేదు. రోజూ పొద్దున్నే ఆ ఇంటిదాకా వెళ్ళి చూసి వచ్చేవాడు. ఇరేనియా ఒక్కటే అనేది. "మనం వాళ్ళకు తిండి పెట్టనంతకాలం ఇల్లు కదలదు. ఒడ్డుకు చేరిందంటే ఇక ఇల్లు ఆయనది. ఇంట్లోవాళ్ళూ ఆయనవాళ్ళే. పెట్టకపోతే చాలు మాష్టారూ. ఎవరూ పెట్టకపోతే చాలు."

తొమ్మిది రోజులు కదల్లేదు. అందులో నాలుగు రోజులు వాన. పాప మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. రోసమెల్ మళ్ళీ వాళ్ళావిడ మీద జోకులు వేశాడు.

పదో రోజు పొద్దున్న, రాత్రంతా కురిసిన వాన వెలిశాక, నేను బద్ధకంగా లేచాను. ఒళ్ళంతా నొప్పులు. పొయ్యి రాజేసి కెటిల్ పెట్టాను. ఇరేనియా పాప జుట్టు దువ్వుతోంది. రోసమెల్ పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు బాదాడు. ఇరేనియా లేచి గడియ తీసింది. ఆయన మొహం పిండిలా పాలిపోయి ఉంది.

"కదిలింది. ఒడ్డుకు ముప్పై అడుగులు కూడా లేదు," అన్నాడు. ఊపిరి ఆడటం లేదు ఆయనకు. "బల్ల మీద పదకొండు గిన్నెలు… నాకి శుభ్రం చేసినట్టున్నాయి. పొయ్యి వెచ్చగా ఉంది. దుంపరొట్టె వాసన. ఇంకో రెండు గిన్నెలు పక్కన, మూతలు పెట్టి… ఎవరికో ఎత్తిపెట్టినట్టు. ఒకటి పెద్దది. ఒకటి చిన్నది."

దువ్వెన ఇరేనియా చేతిలోంచి జారింది.

"అమ్మాయ్… నువ్వు పెట్టావా?"

"లేదు! రాత్రంతా పాపను పట్టుకునే పడుకున్నాను. గడియ నేనే వేశాను. ఇప్పుడు మీకోసం నేనే తీశాను, మీరు చూశారుగా. ఎవరూ బయటికి వెళ్ళలేదు." ఆమె గొంతు పెద్దదైంది. "వాళ్ళను పిలిచినవాళ్ళే కదా పెట్టాలి? నేను పిలవలేదు, దోన్ రోసమెల్! నేను పిలవలేదు…"

వాళ్ళను ఊరడించాలి. పెద్దవాణ్ణి, పంతుల్ని. "కూచోండి, ముందు వేడిగా ఏదైనా తాగుదాం" అని కెటిల్ అందుకున్నాను. పిడి తగలగానే చుర్రుమంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వేలి కణుపులన్నీ చెక్కుకుపోయి ఉన్నాయి. తురుముపీట మీద గీసుకున్నట్టు, వరసగా, ఎర్రగా. గోళ్ళ కింద తెల్లటి దుంప పిండి ఎండిపోయి ఉంది.

బయట మళ్ళీ మబ్బు పట్టింది. ఇరేనియా ఇంకా ఏదో అడుగుతోంది నన్ను. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, తల ఊపుతూ నిలబడ్డాను. నా బూట్లు పొయ్యి పక్కన, రాత్రి విడిచినచోటే ఉన్నాయి. పొడిగా ఉన్నాయి.